ఇరవై వద్దు, పదిహేడు చాలు

నాన్నా, పదకొండింటికి రిమ్ములవాడు వస్తాడు. నువ్వు చెప్పిన ఇరవై అంగుళాలవి దింపనివ్వకు. నాలుగూ పదిహేడువే తీసుకో, టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు దాటకూడదు. వాడితో నేను మాట్లాడేశాను.

నువ్వు కొలిచినప్పుడు ట్రక్కు ఖాళీగా ఉంది. ఈస్టర్ ఆదివారం బళ్ల ఊరేగింపులో ఎస్పాన్యోలా వీధుల్లో మనం ఎప్పుడైనా ఖాళీగా తిరిగామా? నిన్న మామ్మని, ఫిదెన్సియో బాబాయిని, పిల్లలందర్నీ వెనక ఎక్కించి కొలిచాను. బండి రెండంగుళాలు దిగింది. నీ పెద్ద టైర్లు చక్రాల పైరేకుకి రాసుకుంటాయి. పదిహేడుకైతే నా వేలు పట్టేంత సందు మిగులుతుంది.

"ఇరవై లేకపోతే అది ట్రక్కు కాదు, తోపుడుబండి" అంటావు. అనుకో. పోయినేడు రేకు టైరుని కోసేస్తే మామ్మ నడిరోడ్డు మీద కుర్చీ వేసుక్కూర్చుని అందరికీ చెయ్యూపింది. నీకు నవ్వొచ్చింది, నాకు తల కొట్టేసినట్టయింది.

పొయ్యి మీద పోసోలే ఉంది, వేడి చేసుకుని తిను.

డెల్ఫీనా

ట్రక్కులో ఆ ఐదు పిండి బస్తాలెందుకని అడుగుతావేమో. కొలిచేటప్పుడు అమ్మ బదులు పెట్టాను, అది అమ్మ బరువు. క్రిస్మస్ నుంచి పిన్ని ఇంట్లోనే ఉన్న మనిషి, మొన్న రాత్రి ఫోన్ చేసి ఆదివారం మనతో ట్రక్కెక్కుతానంది. ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసుకో. బస్తాల సంగతి మాత్రం ఆవిడ దగ్గర ఎత్తకు.