మౌనిక తల తిప్పిన ఫోటో

షార్జా,
శుక్రవారం మధ్యాహ్నం

అక్కా,

నీకూ బావకూ ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది, ఫికర్ చేయకు. వేళకు తింటున్నాను. మందమర్రిలో మీరందరూ బాగున్నారా? బొగ్గుబాయిలో బావకు షిఫ్టు మారిందా? దగ్గు తగ్గిందా? చెన్నూరులో అవ్వ మోకాళ్ళ నొప్పుల సంగతి సరోజ రాయదు. నేను పరేషాన్ అవుతానని నా పెళ్ళాం అన్నీ దాస్తుంది. నువ్వైనా నిజం రాయి.

బతుకమ్మకు నువ్వు చెన్నూరు పోయినప్పుడు, బావ అడిగి తెచ్చిన కెమెరాతో నా బిడ్డ మౌనికకు తీసిన ఫోటో అందింది. ఈ ఉత్తరమంతా దాని గురించే. చాయ్ పెట్టుకుని కూర్చుని చదువు.

ఇక్కడ ఎండ తగ్గింది. గాలిలో సన్నటి ఇసుక తేలుతోంది. దుకాణం అద్దంలోంచి చూస్తే రోడ్డూ కార్లూ మనుషులూ అన్నీ నీళ్ళ అడుగున కదులుతున్నట్టు ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా బజారంతా మూస్తారు. అందరూ పడుకుంటారు. నేను గదికి పోను, కంప్యూటర్ ముందే కూర్చుంటాను. ఆ మూడు గంటలూ నేను ఏ ఊళ్ళో ఉన్నానో నాకే గుర్తుండదు.

"గా కంప్యూటర్ల ఏం జేస్తవ్‌రా తమ్మీ" అని అడిగావు కదా. ఫోటోలకు వైద్యం చేస్తానక్కా. స్కానర్ అనే పెట్టెలో ఫోటోను బోర్లా పెడితే తెర మీద లేస్తుంది. వంకరగా తీసినదాన్ని తిప్పి నిలబెడతాను. ట్యూబులైటు కింద దిగినవాళ్ళు కామెర్లు వచ్చినట్టుంటారు, ఆ పసుపు తగ్గిస్తాను. ఫ్లాష్‌కు ఎర్రబడ్డ కళ్ళకు నలుపు అద్దుతాను. కిటికీకి వీపు పెట్టి దిగితే మొహం నల్లగా పడుతుంది, దాని మీద జర వెలుతురు పోస్తాను. మచ్చ ఉంటే పక్కనున్న మంచి చర్మం తెచ్చి అతుకు వేస్తాను, అవ్వ బొంతకు వేసినట్టు. దిష్టిచుక్కను మాత్రం ముట్టను. మా దగ్గర పనిచేసే ఈజిప్టు అతను ఒక పసిపిల్ల బుగ్గ మీది చుక్కను మచ్చ అనుకుని తుడిచేశాడు. ఆ తల్లి వచ్చి దుకాణం పైకప్పు లేచేలా అరిచింది.

ఎక్కువగా వచ్చేది మన కరీంనగర్ దిక్కు పోరగాళ్ళే. "అన్నా, కండ్ల కింద నలుపు తీసెయ్యే, మా అవ్వ జూస్తే ఏడుస్తది" అంటారు. తీసేస్తాను. బుగ్గలు కూడా కొంచెం ఉబ్బిస్తాను. అబద్ధమే, కానీ పాపం తగలని అబద్ధం.

ఇక నా సంగతి. సరోజకు ఐదో నెలలో నేను విమానం ఎక్కాను. ఇప్పుడు పిల్లకు ఏడాదిన్నర దాటింది. ఇదివరకు వచ్చిన ఒకే ఒక్క ఫోటోలో బట్టల మూటా, ఒక ముక్కూ తప్ప ఏమీ లేవు. నీ దగ్గర సిగ్గేముంది, నాకొక భయం పట్టుకుంది. నా గదిలో ఉండే చెన్నూరు మల్లేశన్న తెలుసు కదా. నేను కొన్న టేప్‌రికార్డర్‌నూ, నా మాటలు నింపిన క్యాసెట్‌నూ పోయిన సెలవులో అవ్వకు చేర్చింది ఆయనే. ఆయన ఇంట్లోకి అడుగు పెట్టగానే కొడుకు మంచం కిందికి దూరాడట. "మూడు దినాలు నన్ను మామా మామా అన్నడురా" అని నవ్వుతూ చెబుతాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. నా బిడ్డ కూడా నన్ను చూసి అట్లా దాక్కుంటే నేనెట్లా బతకాలక్కా?

అందుకే నీ కవరు అందగానే నిలబడ్డచోటే చించాను. చూస్తే పూల గౌను ఉంది, గాజులున్నాయి, మొహం మాత్రం పొగ. నీ చీటీ చదివాను. "గిటు సూడు, గిటు సూడు అని ఒర్రుతనే ఉన్న, పోరి మెడ గటు తిప్పింది. నీ లెక్కనే, చెప్పిన మాట ఇనది. రీల్ల గదే ఆఖరిది. ఫోటో ఖరాబైంది, ఏమనుకోకు తమ్మీ." అనుకున్నాను అక్కా. నిన్ను నాలుగు మాటలు తిట్టుకున్నాను కూడా. క్షమించు.

మొన్న మధ్యాహ్నం ఆ ఫోటోను స్కానర్‌లో పెట్టాను. ఊరందరి ఫోటోలు బాగుచేసేవాణ్ణి, నా బిడ్డ మొహం తేలేనా అనుకున్నాను. వంకర సరిచేశాను. పసుపు తీశాను. గీతలూ మచ్చలూ తుడిచాను. పక్కన చీకటి మూలలో సూదిమొనంత ఎర్రచుక్క ఉంటే దాన్ని కూడా అలవాటుగా తుడిచేశాను. మొహం దగ్గరికి వచ్చేసరికి నా విద్యంతా అడుగంటింది. గీతలకు పదును పెట్టే మీట నొక్కినకొద్దీ మొహం బొంబాయి రవ్వలా పలుకులు పలుకులైంది. తెర మీద తల ఆనించి కూర్చున్నాను.

దుకాణం యజమాని మా సేట్, మంచి మనిషి, ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. "కెమెరా కదిలితే అన్నీ కదులుతాయి. ఇక్కడ గోడ కదల్లేదు, గౌను మీది పూలు కదల్లేదు. పాప తల ఒక్కటే తిప్పింది. దీనికి మందు లేదు" అన్నాడు. తెర మీదికి వంగి, "అంత ఉలిక్కిపడి ఎటు చూసింది?" అన్నాడు.

చూసింది ఆ చీకటి మూల వైపు. అక్కడ వెలుతురు పోశాను. కొంచెం కొంచెంగా గోడలోని గూడు తేలింది, గూట్లో వెండిరంగు పిడి తేలింది. నేను పంపిన టేప్‌రికార్డర్ అక్కా! ఫోటోను మళ్ళీ మొదటి నుంచి స్కానర్‌లో పెట్టాను. నేను తుడిచేసిన ఎర్రచుక్క సరిగ్గా దాని నుదుటి మీదే ఉంది. క్యాసెట్ తిరుగుతున్నప్పుడు తప్ప ఆ చిన్న లైటు వెలగదు, కొన్నవాణ్ణి, నాకు తెలుసు. ఇంట్లో ఉన్నది ఒక్కటే క్యాసెట్. "అత్తమ్మ పొద్దుమాపు గదే పెడ్తది" అని సరోజ రాసింది కూడా.

అందులో నేనేమన్నానో నాకు గుర్తుంది. గదిలో అందరూ నవ్వుతుంటే సిగ్గుపడుతూ, గొంతు చిన్నగా చేసుకుని అన్నాను. "మౌనీ, బాపును బిడ్డా. గిటు సూడు."

నువ్వూ గిటు సూడు అన్నావు. నేనూ గిటు సూడు అన్నాను. అది నా దిక్కు చూసింది.

సేట్ ముందరే ఏడ్చాను. ఆయన చాయ్ తెప్పించాడు. ఇప్పుడు వంకర ఒక్కటే సరిచేసి, ఆ పొగ అట్లాగే ఉంచి, పెద్దగా తీసి నా మంచం దగ్గర పెట్టుకున్నాను. మల్లేశన్న దగ్గరికి వంగి చూసి, "నీ బిడ్డ నిన్ను గుర్తువడ్తది తియ్‌రా" అన్నాడు.

ఒక చిన్న పని చేసిపెట్టు. చెన్నూరు పోయినప్పుడు ఆ టేప్‌ను గూట్లోంచి దించి పిల్ల ఎత్తుకు పెట్టమను. కొత్త క్యాసెట్ నింపుతున్నాను. పచ్చిపులుసు చేయబోయి చింతపండు ఎంతో తెలియక పాడుచేశాను, కొలత రాయి. అవ్వ కాళ్ళకు మొక్కానని చెప్పు, బావను దుమ్ములో మూతికి గుడ్డ కట్టుకోమను. నన్ను చల్లగా ఉండమని దీవించు.

ఇంకా ఏడు నెలలు. వచ్చిననాడు ముందు మొహం చూపించనక్కా. దర్వాజ బయటే నిలబడి పిలుస్తాను.

నీ తమ్ముడు,
రాజన్న