ఆనంద బజారులో తిన్న ముద్ద

కోరాపుట్,
5 జనవరి 1986, ఆదివారం.

ప్రియమైన మహాప్రసాద్‌కి,

నెలలో మొదటి ఆదివారం ఉత్తరం రాయకపోతే పీక పిసికేస్తానని హాస్టల్ గేటు దగ్గర నువ్వు బెదిరించినప్పటినుంచి, ఈ రెండేళ్ళలో ఒక్క నెల తప్పలేదు చూశావా! ఇక్కడ కొండల్లో చలి ఎముకలు కొరుకుతోంది. బళ్ళో పిల్లలు నన్ను "కటక్ దీదీ" అంటున్నారు. స్టవ్వు వెలిగించడం వచ్చింది, అన్నం మాడకుండా వండడం ఇంకా రాలేదు. మొన్న ఒక కుర్చీ కొన్నాను. ఎవరైనా వస్తే వాళ్ళని అందులో కూర్చోబెట్టి నేను ట్రంకు పెట్టె మీద కూర్చోవచ్చు. ఎవరూ రారనుకో.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. టెలిఫోన్ ఆఫీసులో మీ పెద్ద మేడమ్ గురించి రాసింది చదివి, ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. చివర్లో రాశావు: "అన్నకి బాలేశ్వర్ సంబంధం దాదాపు ఖాయం. మాఘంలో నిశ్చితార్థం. పెళ్ళికి నువ్వు వారం ముందే దిగాలి. చెల్లెళ్ళం ఇద్దరం కలిసి వాడికి పసుపు పట్టిద్దాం." అక్కడితో నా నవ్వు ఆగిపోయింది.

ఎలా చెప్పాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. నేను మీ అన్నకి చెల్లెల్ని కాలేను.

ఆదివారాలు హాస్టల్ మెస్సు తిండి తినలేక మీ ఇంటికి పరిగెత్తుకొచ్చేదాన్ని గుర్తుందా? కాఠజోడి నది గట్టు మీద నువ్వూ నేనూ జామకాయలు కొరుక్కుంటూ నడిచి, ఎండలో మాడి, మీ గుమ్మంలోకి వచ్చేసరికి మీ అన్న గబగబా చొక్కా తొడుక్కునేవాడు. రజ పండగకి మీ అమ్మ పొడపిఠా రొట్టె కాలిస్తే, అంచున నల్లగా మాడిన ముక్క నాకిష్టమని ఎప్పుడో ఒక్కసారి అన్నాను. ఆ తర్వాత ఏ పండగకీ ఆ ముక్కని మీ అన్న ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మా ఇద్దరి మధ్యా అంతకుమించి ఏమీ జరగలేదు. కానీ ఆ నాలుగేళ్ళూ నాకు అదే పెద్ద సంగతి.

పరీక్షలైన మర్నాడు ముగ్గురం పూరీ వెళ్ళాం కదా. రైల్లో నువ్వు వేరుశనగలు బేరమాడుతుంటే, మీ అన్న మెల్లగా, "మీ ఊరెళ్ళేలోగా నీకో మాట చెప్పాలి" అన్నాడు. సరేనన్నాను. ఆ మాటేమిటో ఈ రోజుకీ నాకు తెలియదు.

దర్శనమయ్యాక, గుళ్ళోనే ప్రసాదాలమ్మే ఆనంద బజారులో రాతి నేల మీద కూర్చున్నాం. మీ అన్న కుండ పట్టుకుని మనిద్దరికీ ఒకే ఆకులో అన్నం, పప్పు వడ్డిస్తున్నాడు. నువ్వు ఉన్నట్టుండి ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టి, "ఇవాళ్టినుంచి మనం ఒకరికొకరం మహాప్రసాద్. జగన్నాథుడే సాక్షి. ఊఁ, నోరు తెరు!" అన్నావు. ఆ ముద్ద మింగితే మనం తోబుట్టువులం, మీ అమ్మ నాకు అమ్మ, మీ అన్న నాకు అన్న. మన రెండిళ్ళ మధ్య ఇక పెళ్ళి మాటే ఉండదు. అలాగని ఆ ప్రసాదాన్ని వద్దనే నోరు మనవాళ్ళలో ఎవరికుంది? మీ అన్న వడ్డించడం ఆపి నాకేసే చూస్తున్నాడు. నోరు తెరిచాను. నీ నోట్లో నేనూ పెట్టాను. చెయ్యి కడుక్కొస్తానని వెళ్ళిన మీ అన్న చాలాసేపు రాలేదు. తిరుగు రైల్లో నిద్ర నటించాడు.

ఆనాటినుంచి మనం పేరు పెట్టి పిలుచుకోకూడదు కదా. ఒక్కోసారి ఈ ఖాళీ గదిలో నీ పేరు పైకే అనేసి, వెంటనే చెంపలు వేసుకుంటాను. నిన్ను ప్రేమించకపోతే ఇంత బాధ ఉండేది కాదు. కానీ ఆ పసుపు మాత్రం నా చేత పట్టించకు. సెలవు దొరకలేదని అమ్మకి చెప్పు. అబద్ధం నాది, పాపమూ నాదే.

ఇట్లు,
నీ మహాప్రసాద్.


కోరాపుట్,
8 జనవరి.

మహాప్రసాద్,

ఆదివారం నాటి ఉత్తరం చించెయ్. పోస్టు డబ్బాలో వేసిన మరుక్షణమే తప్పు చేశాననిపించింది. వెనక్కిమ్మని పోస్టాఫీసుకెళ్ళి బతిమాలాను. "డబ్బాలో పడ్డాక అది సర్కారుది, టీచరమ్మా" అన్నాడు పోస్టుమాస్టరు. నాకు బుద్ధి లేక ఏదేదో రాశాను. సెలవు ఎలాగైనా పెడతాను. పెళ్ళికి వస్తాను, పసుపూ పట్టిస్తాను. నువ్వు మాత్రం నాతో మాటలు మానకు. ఇక్కడ నాకు ఇంకెవరూ లేరు.

నీ మహాప్రసాద్.


కటక్,
16 జనవరి.

తిలోత్తమా,

కళ్ళు నులుముకోకు. నీ పేరే రాశాను. మహాప్రసాద్‌ని పేరు పెట్టి పిలిస్తే కళ్ళు పోతాయనేది మా నాయనమ్మ. పోతే పోనీ. బంధం తెంపింది నేను. నీకేం అంటదు.

ఆ రోజు రైల్లో వేరుశనగల బేరంలో మునిగిపోయానని అనుకున్నావు కదూ? అన్న నీతో అన్నది నాకు స్పష్టంగా వినబడింది. అంతకు ఏడాది ముందునుంచే నాకంతా తెలుసు. నిన్ను మా ఇంటికి తెచ్చుకున్నది నేను, నువ్వు నాదానివి. రేపు వదినవైతే నెత్తిన ముసుగేసుకుని, మా అమ్మ వెనకాల వంటింట్లో నిలబడతావు. నా కబుర్లు అన్న చెవిన వేస్తావు. మా పెద్దమ్మ కూతురు స్నేహితురాల్నే వదినగా తెచ్చుకుని, ఆర్నెల్లు తిరక్కుండా మాటలు మానేసింది. అది చూసి భయపడ్డాను. అందుకే ముద్ద కలిపాను. నువ్వు కాదనలేవని తెలిసే కలిపాను. నేను చేసింది స్నేహం కాదు తిలో, దొంగతనం. తర్వాత నేను కల్పించిన బంధాన్ని నేనే నమ్మేసి, నిన్ను పసుపు పట్టించడానికి కూడా పిలిచాను.

నీ రెండో ఉత్తరం వచ్చేలోపే మొదటిది అన్న చేతిలో పెట్టేశాను. చదివి, మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

"నా మొహం చూస్తూనే నోరు తెరిచిందే. నన్ను వద్దనే చెప్పిందనుకున్నాను."

"తెరిపించింది నేనన్నా. తెలిసే తెరిపించాను."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మకి చెబితే గుండెలు బాదుకుంది. "దేవుడి సాక్షిగా తిన్న అన్నమే! బజార్లో వంకాయల బేరమనుకున్నావటే?" అని నన్ను దులిపేసింది. అప్పుడు నోరు విప్పాడు అన్న. "తిన్నది వాళ్ళిద్దరూ అమ్మా. నేనా రోజు ఒక్క మెతుకు ముట్టలేదు. ఆకలి చచ్చిపోయింది." అమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది. ఒప్పుకుంటుందని మాట ఇవ్వలేను. బాలేశ్వర్ వాళ్ళకి మాత్రం అన్నే స్వయంగా వద్దని రాసేశాడు.

అన్నని ఇందాకే కోరాపుట్ బస్సెక్కించి వచ్చాను. ఈ ఉత్తరం వాడి చేతికిద్దామంటే, "నీ తప్పు నువ్వు పోస్టులో పంపుకో" అన్నాడు. కాబట్టి ఇది నీకందేసరికి వాడు నీ గుమ్మంలోకి వచ్చి రెండు మూడు రోజులై ఉంటుంది. నువ్వు ఉండమన్నావో, పొమ్మన్నావో నాకు తెలియదు. ఏదన్నా ఈసారి నీ ఇష్టంతోనే అని ఉంటావు.

నన్ను క్షమించమని అడగను. జవాబు రాయాలనిపించకపోతే రాయకు. తిట్టాలనిపిస్తే మాత్రం ఉత్తరంలో వద్దు. మా ఇంటికొచ్చి, నా ఎదురుగా నిలబడి, నోరారా తిట్టు.

బిజయిని.