గుండం తొక్కిన కాలు

28 మే 1962
మద్రాసు నుంచి నాయనను ఇంటికి తెచ్చాం. తాడిపత్రి స్టేషన్ నుంచి జట్కాలో పడుకోబెట్టి తీసుకొచ్చాం. ఇరవై ఏళ్లు బండ పలకలు మోసిన నడుము. జారిన డిస్క్ తీసేశారు. నడుము నొప్పి పోయింది. కుడికాలి నొప్పి పోలేదు. కోసింది నడుమును కదా, కాలెందుకు గుంజుతాండాది అని దారి పొడుగునా అడిగాడు. వద్దంటున్న మనిషిని ఆపరేషన్‌కు ఒప్పించింది నేను.

డాక్టర్ మాటలు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. గడ్డి మీది బండ తీసిన రోజే గడ్డి లేవదట. నరం కూడా అంతే, నెలలు పడుతుంది. రోజూ కొంచెం నడవాలి. బరువెత్తకూడదు. నొప్పికి భయపడొద్దు. కాలు మొద్దుబారితే మాత్రం ఆ రోజే రావాలి.

2 జూన్
వీధి చివరిదాకా నడిచాడు. నొప్పి.

5 జూన్
పక్కింటి మారెక్క చూడటానికి వచ్చింది. ఏం ఇమామన్నా, మద్రాసోళ్లు నడుము కోసి కాలు మర్సిపోయినారా అంది. నవ్విస్తే కుట్లు గుంజుతాయి, పో మారెక్కా అన్నాడు నాయన. అమ్మ నవ్వలేదు. సదువుకున్న పిల్ల చెప్పిందని ఒప్పుకుంటిమి అని నాకు వినపడేలా అంది.

9 జూన్
పొద్దున లేచేసరికి నాయనకు నొప్పి లేదు. నిన్న నేను బజారుకు పోయినప్పుడు వాకిట్లో బండ పలక ఒకటి జరిపాడట. ఆ ఊపుకే నరం సర్దుకునిందని అంటున్నాడు. అమ్మ పీర్ల చావిడి దగ్గర చక్కెర పంచింది. ఈసారీ పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కుతా, పీరు నొప్పి తీసినాక ఇంట్లో కూర్చుంటే బాగుంటాదా అన్నాడు. నేను గట్టిగా వద్దనలేదు. నా మాట నిలిచిందని లోపల గర్వంగా ఉంది.

12 జూన్
నడుస్తుంటే నాయన కుడికాలి చెప్పు రెండుసార్లు జారిపోయింది. పాత చెప్పు.

14 జూన్, ఉదయం 6
తెల్లవారుతుండగా గుండం తొక్కాడు. ఏటా నిప్పుల మీద నాలుగంగల్లో దాటేస్తాడు. ఈసారి కుడికాలు ఈడ్చాడు. అలసట అనుకున్నాను.

ఉదయం 8
కాళ్లు కడిగాను. ఎడమపాదం ఎర్రబడలేదు కూడా. కుడిపాదం అడుగున రూపాయంత బొబ్బలు మూడు. ఒకటి చితికి నీరు కారుతోంది. నొప్పి లేదా నాయనా అన్నాను. ఎడమకాలికే కొంచెం వేడి తగిలినాది, కుడికాలు చల్లగా ఉండాది, పీరు దయ అన్నాడు. అమ్మ కొంగు కళ్లకద్దుకుంది.

బొబ్బ పక్కన వేలితో నొక్కాను. తెలుస్తాందా అని అడిగాను. ఎప్పుడు నొక్కుతావు అన్నాడు. నేను నొక్కుతూనే ఉన్నాను.

పాదం పైకెత్తమన్నాను. మోకాలు లేచింది. పాదం వేలాడింది.

నొప్పి పోయి ఐదు రోజులు. ఆ రోజే రమ్మన్నాడు డాక్టర్. ఈ పుస్తకంలోనే ఉంది. నా రాతే.

మధ్యాహ్నం రైలుకు బయలుదేరుతున్నాం.

17 జూన్, మద్రాసు
మళ్లీ కోశారు. మిగిలిన డిస్క్ ముక్క జారి నరాన్ని నొక్కేసిందట. నొప్పి ఆగింది నరం బాగుపడి కాదు, పని మానేసి. తిరిగి వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేరట. కాలు మొద్దుబారితే ఏం చేశారు అని డాక్టర్ అడిగాడు. చక్కెర పంచాం అన్నాను.

24 జూన్
రోజూ పాదం మీద పెన్సిల్ ములుకుతో గీస్తున్నాను. గీసినావా అంటాడు.

3 జూలై
గీశాను. నాయన నన్ను బూతులు తిట్టాడు. కాలు నిప్పుల్లో పెట్టినట్టుండాది, తియ్యి అని అరిచాడు.

అమ్మ వార్డంతా చక్కెర పంచింది.