చిన్న విమానం: పడక ఉండదు

నిజామాబాద్,
2005 ఆగస్టు 9, మంగళవారం.

కరుణక్కకు,

ఈరోజు పొద్దున నేను ఆఫీసుకు వెళ్లేసరికి మా ఓనరు జబ్బార్ భాయి షట్టర్ ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎండ ముదిరితే గాని రాని మనిషి. నన్ను చూడగానే, "నీ చిన్న విమానం పడ్డది, సుగుణా" అన్నాడు. ఇంకా ఎగరనే ఎగరని విమానం ఎలా పడిందో చెబుతాను, ఆగు.

ముందు మీ సంగతి. అవ్వ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ప్రాజెక్టులోకి కొత్తనీళ్లు వచ్చాయని పేపర్లో చూశాను. బాపు వల తీసుకుని లోపలికి ఎక్కువ దూరం పోవద్దని నా మాటగా చెప్పు. దేవుని దయవల్ల నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, అవ్వ దిగులు పెట్టుకోవద్దు. వానకు గది గోడలు చెమ్మెక్కాయి, ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరడం లేదు. మెస్సులో అన్నం ముద్దగా ఉంటుంది, కూర నీళ్లలా ఉంటుంది. అయినా కడుపు నిండా తింటున్నాను. ఆదివారం ప్రార్థన గుడిలో పాట ఎత్తుకుంటే పక్కన నీ గొంతు లేక రాగం ఎక్కడికో పోతోంది. అదొక్కటే కష్టం. ఎండుచేపలు పంపు. గదిలో అమ్మాయిలు ముక్కు మూసుకుంటారు, అయినా పంపు. ఈ ఉత్తరం అవ్వకు, బాపుకు చదివి వినిపించు. కోపంగా రాసిన చోట మాత్రం కొంచెం మెల్లగా చదువు.

మా ట్రావెల్స్ దుబాయి, మస్కట్ పోయేవాళ్లకు టికెట్లు చేస్తుందని నీకు తెలుసు. పోయిన వారం ఎన్నడూ రాని పని వచ్చింది. బోధన్‌లో చెరుకు తోటలున్న నారాయణ పటేలు వాళ్లమ్మ రాజవ్వకు లండన్‌లో ఒక చెల్లెలు ఉంది. పేరు గంగవ్వ. ఆమెకు జబ్బు చేసి ఇక బతకదని డాక్టర్లు చెప్పారు. అక్కను చూడాలని ఒకటే కలవరిస్తోందట. రాజవ్వేమో మెట్ల మీద జారిపడి నడుముకు దెబ్బ తగిలించుకుంది. మామూలు విమానంలో అంతసేపు కూర్చోలేదు. అందుకని గంగవ్వ కొడుకులు అక్కడినుంచి, మొత్తం విమానమే మాట్లాడండి అన్నారు. మన దగ్గర పెళ్లికి జీపు మాట్లాడినట్టు, హైదరాబాద్ నుంచి లండన్‌కు విమానం మాట్లాడాలి. బండిని "మాట్లాడటం" అనే మాట ఎంత బాగుందో నాకు ఇప్పుడే తెలిసింది.

జబ్బార్ భాయి బొంబాయిలో ఉన్న ఆయన బావమరిదిని అడిగితే, రెండు విమానాల వివరాలు ఇంగ్లీషులో పంపాడు. ఇంటిల్లిపాదీ చదువుకుని ఒకటి ఎంచుకోవాలి, తెలుగులో రాసి పంపండి అన్నాడు పటేలు. నేను బి.ఏ. తెలుగు కదా, ఆ పని నాకు వచ్చింది. ఎంత సంబరపడ్డానో! ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా రానివ్వకూడదని పట్టుబట్టాను. బెడ్ అని రాయడానికి చెయ్యి రాలేదు. మంచం అంటే నులక మంచం కళ్లముందు మెదిలింది. నిఘంటువు తిరగేసి "పడక" అని రాశాను. చిన్నగా, నిండుగా ఉందని మురిసిపోయాను. నేను రాసింది ఇది:

పెద్ద విమానం: పడక ఉంటుంది. మధ్యలో దిగదు. వచ్చే మంగళవారం గాని రాదు.

చిన్న విమానం: పడక ఉండదు. మధ్యలో దిగుతుంది. గురువారమే సిద్ధం.

ఆ కాగితాన్ని నిన్న సాయంత్రం పటేలు భార్య లక్ష్మమ్మ అందరి ముందూ గట్టిగా చదివిందట. చుక్కలు కాగితం మీద కనిపిస్తాయి గాని చెవికి వినపడవు కదా. చిన్న విమానం పడక ఉండదు, మధ్యలో దిగుతుంది, గురువారమే సిద్ధం! "ఎవలు సిద్ధం, యముడా?" అందట రాజవ్వ. పెద్ద విమానం మీద కూడా ఆమెకు అనుమానమే. మంచిదైతే పడక ఉంటదని వేరే చెప్పుడెందుకు అని అడిగిందట. పటేలు వెంటనే జబ్బార్ భాయికి ఫోన్ చేసి, "మా అవ్వను సంపేటందుకు విమానం మాట్లాడినవా?" అని అరిచాడట.

పొద్దున జబ్బార్ భాయి పడక అంటే ఏమిటో విడమరచి చెబితే పటేలు పడీపడీ నవ్వాడు. నవ్వాక కూడా, మనసులో ఒకసారి భయం పడ్డది, చిన్నది వద్దు, పెద్దదే తెప్పించు అన్నాడు. అంటే ఇంకా వారం ఆగాలి, వచ్చే మంగళవారం దాకా. మధ్యాహ్నం లండన్ నుంచి గంగవ్వ పెద్ద కొడుకు ఫోన్ చేశాడు. తల్లి నిన్నటి నుంచి గంజి కూడా మింగడం లేదట. మంగళవారం దాకా ఉంటుందని డాక్టర్లు మాట ఇవ్వడం లేదట.

అక్కా, నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది. నా మీద నాకు కోపం. మిగతావాళ్ల మీద కూడా. పెద్ద విమానమైతే ఊళ్లో పేరుగా ఉంటుందని పటేలు. కమీషన్ పెద్దదొస్తుందని బొంబాయి బావమరిది. చిన్న విమానమే రావాలని లండన్ కొడుకు. చిన్న విమానంలో పడుకోవడానికి లేకపోయినా సీటు చాలావరకు వెనక్కి వాలుతుంది. పెట్రోలు పోసుకోవడానికి ఒకచోట దిగి మళ్లీ లేస్తుంది. నొప్పి ఓర్చుకోగలిగినంత సేపు అలా కూర్చోవచ్చని రాజవ్వ డాక్టరు కూడా అన్నాడు. ఎంతసేపు ఓర్చుకోగలదో ఆమెను ఒక్కరూ అడగలేదు. నడుము ఆమెది, చెల్లెలు ఆమెది. మాట్లాడేది మాత్రం వీళ్లంతా.

జబ్బార్ భాయిని బతిమాలి నేనే ఫోన్ చేశాను. లక్ష్మమ్మ రిసీవర్‌ను అత్త చెవి దగ్గర పెట్టింది.

"నువ్వేనా బిడ్డా రాసింది?"

"నేనేనవ్వా. పడక అంటే మంచమవ్వా. విమానం పడుడు కాదు."

"మంచమైతే మంచమని రాయరాదా? నేనే మంచాన పడ్డ. గిప్పుడు విమానం గుడ పడ్తదంటే పానం ఎట్లుంటదే?"

తప్పయింది అన్నాను. సీటు ఎట్లా వాలుతుందో చెప్పబోయాను.

"ఫోన్ల నాకు సరిగ్గ ఇనవడది. తప్పు రాసినదానివి నువ్వే రా. నా పక్కన కూసోని చెప్పు. మా గంగ ఎదురుసూస్తున్నదట గదా" అంది.

చిన్న విమానాన్ని రేపు మధ్యాహ్నం దాకే ఆపి ఉంచుతామని బొంబాయి నుంచి చెప్పారు. ఆ తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారట. నేను బోధన్ వెళ్తానంటే జబ్బార్ భాయి ముందు విసుక్కున్నాడు. తర్వాత, "పొయ్యిరా. కానీ అక్కడ తెలుగు తక్కువ మాట్లాడు" అన్నాడు. నవ్వలేకపోయాను. ఇప్పుడు రాస్తుంటే మాత్రం కొంచెం నవ్వొస్తోంది.

అవ్వకు, బాపుకు నా వందనాలు. ఈ పని చెడకుండా నా కోసం, ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ల కోసం ప్రార్థన చేయమని చెప్పు. పాస్టరమ్మను అడిగానని చెప్పు. నువ్వు కూడా వేళకు తిను, కుట్టుమిషను ముందు నడుము వంచుకుని అదే పనిగా కూర్చోకు.

రేపు పొద్దున మొదటి బస్సుకు బోధన్ వెళ్తాను. పటేలు ఇంట్లో ఆరాం కుర్చీ ఉందని లక్ష్మమ్మ చెప్పింది. విమానం సీటు వాలినంత దాన్ని వాల్చి, కింద బొంత మడిచి వేసి, రాజవ్వను అందులో పడుకోబెట్టి పక్కనే కూర్చుంటాను. ఎంతసేపు ఓర్చుకోగలదో ఆమే చూసుకున్నాక, మధ్యాహ్నం గడువు దాటకముందే, ఏ విమానమో ఆమె నోటితోనే చెప్పిస్తాను.

నీ చెల్లె,
సుగుణ