పక్క లైనులో నిలబడ్డాను

డెలానీపూర్, పోర్ట్ బ్లెయిర్

తులసక్కకు, మేమంతా కులాసా. ఫోనులో అయితే మా ఆయన వింటారని ఈ కార్డు రాస్తున్నాను.

దేశమంతా షాపులున్న ఆ డిస్కౌంట్ కంపెనీ ఇక్కడా తెరిచింది. చూద్దామని నిన్న వెళ్లాను. లోపల నూనె ప్యాకెట్ల దగ్గర మా ఆయన కనిపించారు. మన కిరాణా కొట్టు మూసేసి వచ్చి, సరుకు బుట్టలో వేసుకుంటున్నారు.

"ఏటి సేత్తాం దుర్గా, మన డీలరిచ్చే రేటు కంటే ఈళ్లు అమ్మే రేటే తక్కువ. ఇక్కడ కొని మన కొట్లో అమ్మాల" అన్నారు. మనిషికి నాలుగు ప్యాకెట్లే ఇస్తారట. "నువ్వు పక్క లైన్లో నిలబడు. నన్ను ఎరగనట్టుండు" అన్నారు.

అలాగే నిలబడ్డాను అక్కా. కౌంటరు పిల్ల "దీదీ, చార్ హీ మిలేగా" అని హిందీలో, నాలుగే ఇస్తామంది. నా వెనకాల తాయారమ్మ ఉంది. మా పెళ్లైనప్పటి నుంచి మన కొట్లోనే సరుకులు కొనే మనిషి. మా ఇద్దరినీ చూసింది. "నా వంతు నాలుగూ నువ్వే అట్టుకెళ్లమ్మా" అని తన పేరున బిల్లు వేయించి నా సంచిలో పెట్టింది. తర్వాత ఆ పన్నెండు ప్యాకెట్లూ మన కొట్లో సర్దాం.

తమ్ముడు కొండబాబు టెక్కలిలో కిరాణా కొట్టు పెట్టడానికి అడ్వాన్స్ ఇచ్చేశాడా? ఇవ్వకపోతే ఆగమను. ఆ కంపెనీ అక్కడికీ వస్తోందేమో ముందు కనుక్కోమను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకు నా దండాలు. నీ పిల్లలు చల్లగా ఉండాలి.

నీ చెల్లెలు
దుర్గ