నలుపును చూడని బండి

డైరెక్టర్ శేషాచలపతిగారికి నమస్కారాలు.

మీరు ఫోన్ పెట్టేశారు కాబట్టి రాస్తున్నాను. రేపు మాదాపూర్ ప్రదర్శనలో మన రోబో బండిని పిల్లల మధ్య నడపకండి, మీకు దండం పెడతాను.

అది పంపే ఇన్‌ఫ్రారెడ్ కిరణం ఎదురుగా ఉన్నదాన్ని తాకి తిరిగొస్తేనే బండి ఆగుతుంది. నల్లబట్ట ఆ కిరణాన్ని చాలావరకు పీల్చేసుకుంటోంది. ఈ ఉదయం బాలానగర్ షెడ్డులో మన ఫిట్టర్ యాదగిరి నల్ల ప్యాంటు వేసుకుని దాని దారిలో నిలబడ్డాడు. బండి ఆగలేదు. అతని కాలు విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "మేడం, అది నన్ను సూడనే లేదు. పోరగాండ్ల ముంగట నడపకుండ్రి" అని ఏడ్చాడు.

అదే మీకు చెబితే, "మంత్రిగారు వస్తున్నారమ్మా, కాసేపు నడిపితే ఏమీ కాదు" అన్నారు. రేపు వచ్చే బడిపిల్లల లాగులు, గౌన్లు నల్లవేనండి. వేరే సెన్సర్ బిగించడానికి గడువు అడిగాను, మీరు ఇవ్వలేదు.

ఇక నాకు వేరే దారి తోచలేదు. బండి మోటార్లు విప్పి నాతో తీసుకెళ్తున్నాను. దొంగతనం కేసు పెట్టుకోండి. కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉంటాను. పోలీసులు వస్తే తలుపు నేనే తీస్తాను.

ఇట్లు,
మీ సెన్సర్ల ఇంజనీరు