రాతిలో పిల్ల అడుగు

ఏమండీ,

నేను బాగానే ఉన్నాను, రెండు పూటలా తింటున్నాను, బెంగ పెట్టుకోకండి. మన పెద్దాడు పోయాక, ఇక్కడ తమ్ముడింటికొచ్చినా గడప దాటని నన్ను నిన్న వాడూ మరదలూ పెద్ద మ్యూజియానికి లాక్కెళ్ళారు. అక్కడ ఒక బండ మీద ఏనుగు లాంటి జంతువు అడుగులు, పక్కనే దాని పిల్లవి ఉన్నాయి. మనుషులు పుట్టకముందువట! నేను చేతులు కట్టుకుని చూస్తుంటే కాపలా ఆవిడ, "ముట్టుకోండమ్మా, అందుకే పెట్టాం" అంది.

"అరిగిపోదూ?" అన్నాను.

"రోజూ బళ్ళకొద్దీ పిల్లలు తడుముతారు. అరిగిందేమో మీరే చూడండి" అని నవ్వింది.

ఆ చిన్న అడుగులో చెయ్యి పెట్టగానే ఎదుటి గోడంతా సినిమా తెరలా వెలిగి, తల్లీపిల్లా నడుచుకుంటూ వచ్చాయి. "వదినా, వెనక జనం ఉన్నారు, బండని ఇంటికి తెచ్చుకుందామా ఏంటి?" అని మరదలు లాగితేగానీ నేను కదల్లేదు.

పప్పులు ఎండలో పోశారా? మీ దగ్గు తగ్గిందా? పెద్దాడి సైకిలుకి దుప్పటి కప్పి ఇన్నాళ్ళూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు నేను. ఆ దుప్పటి తీసేసి సైకిలు చిన్నదానికి ఇవ్వండి. సీటు కిందికి దించండి, దానికి కాళ్ళందవు. మీకు దణ్ణాలు, దానికి ముద్దులు. సైకిలుకి గీతలు పడితే పడనివ్వండి, తిట్టకండి.